ఎవరిని కూర్చోబెట్టి కొలవాలి

బండి నేలకు ఎంత ఎత్తులో నిలబడాలన్న దాని మీద నేనూ మా తమ్ముడూ ఒక ఎండాకాలమంతా కొట్లాడుకున్నాం. కొట్లాడుకోవడానికి ఇంట్లో వేరే సంగతి లేక కాదు. అసలు సంగతి ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేదు, అందుకని దీని మీద పడ్డాం. వాడు కిందికి దించాలంటాడు, నేను పైకి లేపాలంటాను. పక్కింటివాళ్లు విని ఆస్తి తగాదా అనుకున్నా ఆశ్చర్యం లేదు.

బీదర్‌లో చిద్రి వైపు మా ఇల్లు. ఉండేది మేమిద్దరమే. నేను సర్కారీ ఆఫీసులో గుమాస్తాను. పొద్దంతా కన్నడ ఫైళ్లతో తల పగలగొట్టుకుని, సాయంత్రం కూరగాయల బండి దగ్గర దక్కనీ ఉర్దూలో బేరమాడి, ఇంటికొచ్చాక తెలుగులో తమ్ముణ్ని తిట్టేదాన్ని. వాడు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల దగ్గరికి తిరిగేవాడు. ఒకరోజు హుమ్నాబాద్ దాటి నిర్ణా దాకా, ఇంకోరోజు ఔరాద్ మీదుగా చింతకి దాకా. ఏ మలుపులో కంకర తేలిందో, ఏ ఊరి ముందర కొత్త స్పీడ్ బ్రేకర్ పోశారో వాణ్ని అడిగితే చెప్పేవాడు. నడపడమంటే వాడికి ఉద్యోగమూ అదే, సంబరమూ అదే.

ఏళ్ల తరబడి కూడబెట్టి హైదరాబాద్ నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. ఎర్రటిది, ఇద్దరే పట్టేది, పక్కన నిలబడితే నా నడుం దాకా కూడా రాదు. మా వాళ్లలో కొత్త బండి కొంటే చర్చి ముందర పెట్టి ప్రార్థన చేయిస్తారు. బానెట్ మీద చెయ్యి ఉంచడానికి పాస్టరు గారు బాగా వంగాల్సి వచ్చింది. ఆయనకు నడుం నొప్పి. ప్రార్థన చిన్నదయ్యింది. ఆ రోజు మా తమ్ముడు నవ్వినట్టు మళ్లీ నవ్వలేదని చెప్పను, తర్వాత కూడా చాలాసార్లు నవ్వాడు. కానీ అప్పుడల్లా నేను, ఇంకెన్నిసార్లు నవ్వుతాడో అని, వాడి మొహం కేసే చూస్తూ ఉన్నాను, అది వేరే.

ముందు మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకోవడం మొదలైంది. పని ఎక్కువైందన్నాడు. తర్వాత చదునైన గచ్చు మీద పడ్డాడు. హైదరాబాద్ దవాఖానలో పరీక్షలన్నీ చేసి, కండరాలు కరిగిపోయే జబ్బని చెప్పారు. ముందు కాళ్లు, తర్వాత చేతులు, తర్వాత మిగతావి. మందు లేదు. ఆ మాట చెప్పిన డాక్టరు మంచివాడే, నెమ్మదిగానే చెప్పాడు. అయినా ఆయన బల్ల మీది కాగితాలన్నీ విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను, దానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత ఇంటికి మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు టీ తాగి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నన్ను పక్కకు పిలిచి, ఆ ఎర్ర బండి అమ్మెయ్యరాదా అనేవాళ్లు. వాళ్ల ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు. మంచి ఉద్దేశాలు వింటూ వింటూ నా చెవులు తూట్లు పడ్డాయి. బండి అప్పటికే రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. దాని షాక్ అబ్జార్బర్లు నూనె కారి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

అలాంటప్పుడు ఒక పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే నాలుగు స్ప్రింగులు, వాటి లోపల చుట్టూ మరలు కోసిన గొట్టాలు, ఆ మరల మీద రింగులు. సీసా మూత తిప్పినట్టు ఆ రింగు పైకి తిప్పితే బండి లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. మనకెంత ఎత్తు కావాలో మనమే పెట్టుకోవచ్చట. వాడు మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పుతున్నాడు.

"నీకు అడుగు ఎయ్యస్తలేదు, దీనికి కొత్త కాళ్లు తెప్పించినవా?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వాడు తల కూడా ఎత్తలేదు. "నావి ఎట్లాగూ మారయి గద అక్కా. దానివన్న మారనీ" అన్నాడు.

అక్కడ మొదలైంది కొట్లాట. ఎలాగూ పెట్టిస్తున్నావు, ఎంత పైకి లేస్తే అంత పైకి లేపించు, నువ్వు ఎక్కి దిగడానికి వీలుగా ఉంటుంది అన్నాను. నాకు ఒక ఆశ పుట్టింది. రింగులు పైకి తిప్పితే వాడు తనంతట తాను ఎక్కుతాడు, తనంతట తాను నడుపుతాడు, తనంతట తాను దిగుతాడు. ఒక్కసారి అలా జరిగితే చాలు, మిగతావన్నీ తర్వాత చూసుకుందాం అనుకున్నాను. నేను దేవుణ్ని అడగడం మానేసిన చాలా రోజులకు మళ్లీ అడిగింది ఇదే.

వాడు ఒప్పుకోడు. "ఆ బండిని లేపితే ఆటో అయితది. మలుపు తిరుగుతుంటే ఇటు ఒరుగుడు, అటు ఒరుగుడు. కిందికుంటే రోడ్డుకు అంటుకొని పోతది. గది గట్ల పోనీకే పుట్టింది."

"మన రోడ్ల మీద కిందికుంటే కడుపు గీసుకుంటది."

"గందుకే మరీ కిందికి వద్దంటున్న. స్ప్రింగు అణగనీకి జర జాగ ఉండాలె. చక్రం మీద రెండు వేళ్ల సందు. గంతే."

"రెండు వేళ్ల సందుల నువ్వెట్ల దూరి కూసుంటవు రా తమ్మీ?"

వాడు మళ్లీ రింగు తిప్పుకుంటూ కూర్చునేవాడు. పోట్లాట మర్నాటికి వాయిదా పడేది.

చివరికి తేల్చుకుందామని ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పరీక్ష పెట్టాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండల ముక్కలు పెరట్లో ఉన్నాయి. వాటిని బండి సీటు ఎంత ఎత్తు ఉందో అంత పేర్చి, పైన దిండు వేసి, వాణ్ని కూర్చోబెట్టి, లెమ్మన్నాను. లేవలేకపోయాడు. పక్కకు లేపి నిలబెట్టి ఇంకో బండ వేశాను. కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు ఊగాడు, లేవలేదు. ఇంకో బండ. ఇంకోటి. వాడి చొక్కా తడిసిపోయింది. నేను మాత్రం మొండిగా పేర్చుకుంటూ పోయాను, ఎక్కడో ఒకచోట లేస్తాడు కదా అని. లేచాడు కూడా. కానీ అప్పటికి అది అన్నం తినే కుర్చీ కన్నా ఎత్తైపోయింది. రింగులు చివరి మర దాకా తిప్పినా బండి లేచేది నాలుగు వేళ్లు. వాడికి కావలసింది జానెడు పైమాట.

నేను బండల పక్కనే గచ్చు మీద కూలబడ్డాను. వేసవంతా దేనికోసం గొంతు చించుకున్నానో అది ఏ మర తిప్పినా వచ్చేది కాదు. పైకి పెట్టినా లాభం లేదు, కిందికి పెట్టినా నష్టం లేదు. నష్టం లేదన్న మాట అంత భయంకరంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"నీ ఇష్టమొచ్చినంత కిందికే పెట్టించుకోపో" అన్నాను.

వాడు మళ్లీ దిండు మీద కూర్చుని నా తల మీద చెయ్యి వేశాడు. "ఎక్కిచ్చేటోళ్లు, దించేటోళ్లు ఉంటే సాలు అక్కా. నడుపుడు నేనే నడుపుత. కూసున్నంక కాళ్లతోని ఎంత పని? జర క్లచ్చి తొక్కుడే గద."

సరే, ఇంకో ఆశ. ఎక్కించడానికీ దించడానికీ మనుషులు దొరుకుతారు. నేనున్నాను. వాడు ఒక్కసారి ఆ బండి నడపాలి. అంతకన్నా నాకింకేం అక్కర్లేదు.

బండిని ఊరి బయట గ్యారేజీ నడిపే ఉస్తాద్ దగ్గరికి లాక్కుపోయారు. ఈయన పెద్ద నోరున్న మనిషి. తనకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేవాడు. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. పాత షాక్‌లు విప్పి కొత్తవి బిగించాక మా తమ్ముడికి ఫోన్ చేశాడట. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎత్తు పెట్టేటప్పుడు బండి ఖాళీగా ఉండకూడదు. నడిపే మనిషి సీట్లో కూర్చుని ఉండగా కొలవాలి. ఖాళీ బండికి పెట్టిన ఎత్తు, మనిషి కూర్చోగానే ఒక పక్క దిగిపోతుంది. నడిపే మనిషికి ఇక్కడిదాకా రావడం కష్టమని ఉస్తాద్‌కు తెలుసు కాబట్టి, నీ బరువెంతో చెప్పు, దానికి తగ్గ బరువు సీట్లో పెట్టి నేను ఇంతెజాం చేసుకుంటాను అన్నాడు. వీడు చెప్పాడు. నేనప్పుడు ఆఫీసులో ఉన్నాను.

సాయంత్రం ఫోటో వచ్చింది. మా వైపు కందిపప్పుకు కొదవ లేదు. ఉస్తాద్ పక్క దుకాణం నుంచి ఒక నిండు సంచీ, ఇంకో సగం సంచీ తెచ్చి డ్రైవర్ సీట్లో ఒకదాని మీద ఒకటి పెట్టి, జారిపోకుండా బెల్టు కూడా కట్టాడు. పై సంచి మూతి ముడి తలకాయలా ఉంది.

మా తమ్ముడు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "నాకంటే వీడే నయం అక్కా. ఎట్ల నిటారుగ కూసున్నడు చూడు." నేనూ నవ్వాను. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. తీసెయ్యబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు.

బండి సిద్ధమైందనగానే వాణ్ని నా చిన్న కారులో తీసుకుపోయాను. దవాఖానకు తిప్పడం కోసం నేను నడపడం నేర్చుకున్న కారు అది. ఉస్తాద్ గ్యారేజీ ముందర, ఎర్రమట్టి మీద పోసిన గచ్చు నేల మీద, బండి నిలబెట్టి ఉంది. నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు. అయినా చెబుతున్నాను, అది చాలా అందంగా ఉంది. చక్రాల మీద రెండు వేళ్ల సందు, నేలను వాసన చూస్తున్నట్టు వంగిన ముక్కు. వాడు నా భుజం పట్టుకుని నిలబడి చూసుకున్నాడు, చాలాసేపు.

ఉస్తాదూ నేనూ కలిసి వాణ్ని సీట్లో కూర్చోబెట్టాం. కాళ్లు ఒక్కొక్కటి నేనే లోపల పెట్టాను. బండిని ఒకసారి ముందుకూ వెనక్కూ తోసి, స్ప్రింగులు సర్దుకున్నాక, ఉస్తాద్ చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టాడు. మొహం ముడిచాడు. మళ్లీ పెట్టాడు.

"రెండు సూతులు మీదికుంది" అన్నాడు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాకైతే కంటికి కూడా ఆనదు. ఉస్తాద్‌కు మాత్రం పరువు పోయినట్టయింది. "నిన్న బరాబర్ ఉండె. నేను నా చేతులతోని పెట్టిన. స్ప్రింగులల్ల గడ్‌బడ్ ఉంది ఆపా. నకిలీ మాల్ పంపిండ్రు. వాపస్ చేద్దాం."

మా తమ్ముడు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా గోడ కేసి చూస్తున్నాడు. ఉస్తాద్ పార్సిల్ పంపినవాణ్ని, వాడి నాయన్ని, వాళ్ల ఊరిని దక్కనీలో తిడుతూనే ఉన్నాడు. నాకు వెనక నుంచి తమ్ముడి మెడ కనిపించింది. కాలరుకూ మెడకూ మధ్య నా పిడికిలి పట్టేటంత ఖాళీ. రోజూ వాడికి స్నానం చేయించే నాకు ఆ ఖాళీ కొత్త కాదు. వాడు ఉస్తాద్‌కు ఏ బరువు చెప్పాడో మాత్రం అప్పుడు అర్థమైంది. నిర్ణా, చింతకి తిరిగే రోజుల బరువు చెప్పాడు.

"తిట్టకు ఉస్తాద్" అన్నాను. నా గొంతు నాకే మొరటుగా వినిపించింది. "స్ప్రింగులు మంచిగనే ఉన్నయి. మనిషే తగ్గిండు."

ఉస్తాద్ టేపు జేబులో పెట్టుకున్నాడు.  "దాందేముంది, రెండు సూతులు దించుత, ఒక్క నిమిషం పని" అని రింగు తిప్పే పానా తీసుకుని కింద కూర్చున్నాడు.

"జర ఆగు" అన్నాడు మా తమ్ముడు. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టాడు. పెట్టాడంటే చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. తొక్కాడు. క్లచ్ కొంచెం దిగి ఆగిపోయింది. రెండు చేతులతో మోకాలు అదిమి పట్టి మళ్లీ తొక్కాడు. నేను నా కాలు బిగబట్టాను, నేను బిగబడితే అది దిగుతుందన్నట్టు. వాడి పెదవి తెల్లబడింది. కాలు పక్కకు జారి తలుపు కేసి వాలిపోయింది. దాన్ని సరిగా పెట్టుకోవడానికి కూడా వాడు ప్రయత్నించలేదు.

 రోడ్డు మీద లారీ ఒకటి పోతుంటే ఉస్తాద్ దాన్ని చివరిదాకా చూశాడు.

"నన్ను దించుండ్రి" అన్నాడు మా తమ్ముడు. దించి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. నీళ్లు తాగాడు. మామూలు గొంతుతో, టీ తెప్పించమన్నంత తేలిగ్గా అన్నాడు, "అక్కను కూసుండబెట్టి కొలువు ఉస్తాద్."

"నేనెందుకు?" అన్నాను.

"నడిపేటోళ్లను కూసుండబెట్టే గద కొలవాల్సింది."

"నేను నడపను. నాకు రాదు. నాకు వద్దు గీ బండి." నేను అరుస్తున్నానని తెలుస్తోంది, ఆపుకోలేకపోయాను. "బాగయినంక నువ్వే నడుపు. అప్పటిదాంక షెడ్డుల ఉంటది."

వాడు నన్నొకసారి చూశాడు. బతిమాలినట్టు కాదు, కోపంగానూ కాదు. చిన్నప్పుడు చీకట్లో భయం లేదని నేను వాడికి అబద్ధం చెబితే ఇలాగే చూసేవాడు. "ఎక్కు అక్కా" అన్నాడు.

ఎక్కాను. నేను కొంచెం బొద్దుగా ఉంటాను, దాని గురించి వాడు ఏడిపించేవాడు. సీటు నన్ను పట్టుకుని కిందికి లాక్కున్నట్టయింది. వాడి ఒంటి వేడి ఇంకా సీటులో ఉంది. ఉస్తాద్ బండిని ముందుకూ వెనక్కూ తోసి టేపు పెట్టాడు.

"బరాబర్!" అని, అన్నందుకు తానే సిగ్గుపడ్డట్టు గొంతు తగ్గించుకున్నాడు. "రింగు కదిలిచ్చే అవసరమే లేదు ఆపా. తమ్ముడు చెప్పిన బరువే ఉన్నది."

ఆ సంచుల బరువు, వాడి పాత బరువు, నా బరువు, మూడూ ఒకటేనన్నమాట.  తమ్ముడి సీట్లో నేను ఇంత సరిగ్గా సరిపోతానని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ కోరలేదు.

ఉస్తాద్ లాక్ రింగులు బిగించబోతూ, ఇద్దరు కూర్చునే బండి కదా, పక్క సీట్లో కూడా బరువు పెట్టి ఎడమవైపు సరిచెయ్యాలా అని అడిగాడు. కొందరు అలా చేయించుకుంటారట. దుకాణంలో సంచులు ఇంకా ఉన్నాయి, తెమ్మంటే తెస్తానన్నాడు.

"వద్దు" అన్నాడు మా తమ్ముడు. "పక్కన ఎవ్వరుండరు. అక్క ఒక్కతే పోతది."

ఉస్తాద్ నా కేసి చూశాడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను, దాచుకోలేదు. నా ఒక్కదాని బరువుకే ఉస్తాద్ నాలుగు రింగులూ బిగించేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఆ బండిలోనే వచ్చాం. నా చిన్న కారును గ్యారేజీలోనే వదిలేశాం. వాణ్ని పక్క సీట్లో కూర్చోబెట్టగానే ఎడమవైపు ఒక సూతు దిగిందని ఉస్తాద్ బయట నుంచి కేకేశాడు. ఇవాళ్టి పూటకు పోనియ్ అని మా తమ్ముడు చెయ్యి ఊపాడు. మలుపుల్లో బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ ఎలా తిప్పాలో దారి పొడవునా చెబుతూ వచ్చాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వాడు చెప్పినట్టు బండి రోడ్డుకు అంటుకునే పోయింది. అది అంత బాగా పోకపోయినా నాకు కొంత ఊరటగా ఉండేది.

ఈ వానల్లో మా తమ్ముడు పోయాడు. కదలకుండా ఉంటే పట్టేస్తుందని వారానికోసారి బండి బయటికి తీస్తున్నాను. పక్క సీటు ఖాళీ. ఎడమవైపు ఒరుగు లేదు, ఒక్క సూతు కూడా తేడా లేకుండా, వాడు పెట్టించినట్టే సమంగా నిలబడుతోంది.